ఒక్కపొద్దున్న సొరచేప

సొరచేపను ఇంట్లో పెంచితే వచ్చే ఇబ్బందుల గురించి చెప్పే అర్హత కరీంనగర్ జిల్లా మొత్తంలో నాకు తప్ప ఇంకెవరికీ లేదనుకుంటాను. సముద్రం మాకు ఎటు పోయినా రెండు రోజుల ప్రయాణం. అంత చిన్న లోటును మా పెద్దబాపు లెక్కచేయలేదు.

పెద్దబాపు అంటే మా నాన్నకు, అదే బాపుకు, అన్న. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో బొంబాయి మిల్లులో కొన్నాళ్లు పనిచేసి తిరిగొచ్చాడు. బొంబాయి నుంచి అందరూ ట్రంకుపెట్టె తెస్తే ఆయన ఒక కోరిక తెచ్చాడు. అక్కడ టిక్కెట్టు కొని అద్దాల వెనక సొరచేపను చూశాడట. అదీ ఆయన్ని చూసిందట. ఆ చూపుల్లో ఇద్దరికీ ఏం కుదిరిందో గాని, ఇంటికొచ్చాక మనిషి మగ్గం ఎక్కలేదు. "ఇంట్ల సొర ఉంటే ఆ ఇంటి ఇజ్జతే వేరు" అనేవాడు.

మాది నేత ఇల్లు. పెరట్లో నూలు నానబెట్టే బండల గాబు, లోపల రెండు గుంట మగ్గాలు. ఆ మగ్గాలు నడిచేది మా అవ్వ, అంటే మా అమ్మ, వేళ్ల మీద. కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నూలు పోనిస్తూ కండెలు చుట్టేది. పోగు తెగితే ఆ రెండు వేళ్లతోనే మెలేసి అతికేది. అతుకు ఎక్కడుందో బట్ట నేసే మా బాపుకు కూడా తెలిసేది కాదు. ఆమెకున్న గర్వమంతా ఆ వేళ్లలోనే.

గర్వం నోట్లో పెట్టుకునే వీలు లేదు మరి. మా ఇంట్లో తమ్ముడి భార్య బావతో నేరుగా మాట్లాడకూడదు. చెప్పేదేదైనా తలుపు చాటున నిలబడి గోడకు చెప్పాలి. బావ విని, తానూ గోడకే బదులివ్వాలి. పదకొండేళ్లుగా ఇద్దరి మాటలనూ పాపం ఆ గోడే మోసింది.

ధర్మపురి దగ్గర గంగలో, అంటే గోదావరిలో, చేపలు పట్టే ఒకాయన పెద్దబాపు బాధ విని కరిగిపోయాడు. "బొంబాయి సొర ఉప్పునీళ్లది అన్నా, మన తాన బతకదు. గిది గంగల సొర. పల్లు గట్లనే, ఆకలి గట్లనే" అని ఒక వాలుగను గోలెంలో వేసి అంటగట్టాడు. మూరెడు పొడవు, పొలుసు లేని నున్నటి ఒళ్లు, రెండు మీసాలు, తలలో సగం నోరే. తెలివైనవాళ్లు వాలుగను పులుసు పెట్టుకుంటారు. మేం దానికి గాబు ఇచ్చాం. అవ్వ నూలు నానబెట్టుకోవడానికి మట్టి గోలేలు మిగిలాయి.

గాబుకు ఒక పక్క బండ తీసి, సున్నంలో బెల్లం కలిపి, పెద్దబాపు అద్దం బిగించాడు. నీళ్లు నింపగానే అద్దం ఊడి వాకిలంతా చెరువైంది. మళ్లీ బండే పెట్టి, సొరను పై నుంచి చూడటమే అసలు పద్ధతని ప్రకటించాడు. దానికి తోడుగా నాలుగు చిన్న చేపలను వదిలాడు. తెల్లారేసరికి వాలుగ ఒక్కటే మిగిలింది, దాని కడుపు మాత్రం నాలుగింటి మందం ఉంది. కాకులు ఎత్తుకుపోయాయని పెద్దబాపు తేల్చాడు.

చూడవచ్చిన వాళ్లకు చాయ్ పెట్టేది అవ్వ, చేపకు మేత కోసేది అవ్వ, మురిగిన నీళ్లు ఎత్తిపోసి బావి నుంచి ఇరవై బిందెలు తోడేది కూడా అవ్వే. పేరు మాత్రం పెద్దబాపుది, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. మా బాపు మగ్గం గుంటలోంచి తల ఎత్తితే కదా ఇవన్నీ కనపడటానికి!

ఒక్క మేలు జరిగింది. గోడకు విశ్రాంతి దొరికింది. గాబు దగ్గరే పని కాబట్టి అవ్వ ఇప్పుడు చేపకు చెప్పడం మొదలుపెట్టింది. "ఓ చాపా, నీళ్లు తోడేటాలకు నా రెక్కలు పడిపోతున్నయి. మీ పెద్దమనిషికి జర చెప్పు." పెద్దబాపు అరుగు మీద నుంచి, "ఓ చాపా, మూగజీవికి చేస్తే పుణ్యమస్తదని చెప్పు" అనేవాడు. చేప ఇద్దరి మాటలూ సమానంగా వినేది.

అంతలో శ్రావణం వచ్చింది. శ్రావణంలో ఇంట్లో అందరికీ ఒక్కపొద్దు ఉపవాసాలు, మా గడప లోపలికి నీసు రాదు. పెద్దబాపు గాబు ముందు నిలబడి తీర్పు చెప్పాడు. "ఇంటిల్లిపాది ఒక్కపొద్దుంటే గిదొక్కటే నీసు తింటదా? మన ఇంట్లున్నంక మన నియమమే."

"ఓ చాపా, ఆకలైతే నువ్వేం చేస్తవో మీ పెద్దమనిషికి ఎరుకనా?" అని అవ్వ అడిగింది. పెద్దమనిషి పేలాలు తెమ్మన్నాడు.

దానికి పేలాలు వేశాం. ముట్టలేదు. అటుకులు వేశాం, మూతి తిప్పుకుంది. దాని భక్తి చూసి పెద్దబాపు పొంగిపోయాడు. పన్నెండో రోజున, నీళ్లలో కుళ్లిన పేలాలు తీయడానికి అవ్వ ఎడమచెయ్యి గాబులో పెట్టింది. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, ఆ ఆకలంతా ఆమె బొటనవేలి మీద పడింది.

అవ్వ అరిచిన అరుపుకు బాపు మగ్గం ఆగింది. చెయ్యి లాక్కుంది గాని, వేలు కణుపు దాకా చీలి, గాబు నీళ్లు ఎర్రబడ్డాయి. పెద్దబాపు పరుగున వచ్చి నీళ్లలోకి వంగి చూశాడు.

"చాపకేం కాలే కదా?" అన్నాడు.

అవ్వ కొంగుతో చెయ్యి చుట్టుకుంది. తలుపు చాటుకు పోలేదు. గోడ వైపు, చేప వైపు చూడలేదు. ఆయన ఎదుట నిలబడి, మొహంలోకి చూసి అంది:

"బావా, మీ చాప ఒక్కపొద్దు ఇడిసింది."

మర్నాడే పెద్దబాపు వాలుగను గోలెంలో పెట్టుకొని బస్సెక్కి, గంగలో వదిలి వచ్చాడు. దేవుడికి అప్పజెప్పి వచ్చానని వాడంతా చెప్పుకున్నాడు. గాయం నెలకు మానింది గాని వేలు వంగలేదు. అవ్వ మిగిలిన వేళ్లతోనే అతకడం నేర్చుకుంది. ఆ అతుకులు బట్ట మీద చేతికి తగిలేవి. అవి తగిలినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది, కోపమొచ్చేది. ఊళ్లోవాళ్లు ఎదురైతే మాత్రం "మీ సొర ఎట్లున్నది?" అనే అడిగేవాళ్లు.

ఎనిమిదేళ్లకు, జుట్టంతా నెరిశాక, పెద్దబాపు ఒకనాడు రాట్నం దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఆమె చేతినే చూస్తూ, "ఏలు ఇప్పుడన్న వంగుతదా?" అని అడిగాడు.

అవ్వ రాట్నం ఆపలేదు. "చాపనడుగుండ్రి బావా" అంది.

ఆయన లేచి, మూలనున్న బిందె తీసుకొని బావి దగ్గరికి పోయాడు.