పడ్డాను కాదు, కొట్టారు

ఆ ఉదయం ఒడిశా తీరంలోని మా ఊరు మార్కండి నుంచి చేపల గంపతో బయలుదేరాను. సగం దారిలో మా వదిన నూకమ్మ వెనక నుంచి కేకేసింది. "ఏటే, ఒక సెప్పుతోనే ఎల్తన్నావు?" ఎడమ చెప్పు జారిపోయినట్టు నాకు తెలియనే లేదు. ఇద్దరం నవ్వుకున్నాం. సాయంత్రానికి ఎడమ చేతిలో గ్లాసు నిలవలేదు. అప్పుడు నవ్వు రాలేదు.

అంతకు మూడు వారాల ముందు నా తల పగిలింది. ఊళ్లో సారా అమ్మకం ఆపాలని ఆడవాళ్లం దారికి అడ్డంగా కూర్చుంటే, అమ్మేవాళ్ల మనిషి కర్రతో కొట్టాడు. దగ్గర్లోని ఆసుపత్రిలో కుట్లు వేశారు. అంతటితో పీడ పోయిందనుకున్నాను.

బరంపురంలో సీటీ స్కాన్ తీశారు. "సబ్‌డ్యూరల్. లోపల పాత రక్తం ఉంది, బర్ హోల్ చెయ్యాలి" అన్నారు డాక్టరు. పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి ఆ రక్తం తీస్తారట. కుట్లు వేసిన ఆసుపత్రి చీటీ తిరగేసి, "ఎక్కడ పడ్డారు?" అని అడిగారు.

"పడలేదు. కొట్టారు."

"ఇందులో హిస్టరీ ఆఫ్ ఫాల్, కిందపడ్డారని ఉందే."

కుట్లు వేసిన రోజు నాకు స్పృహ సరిగా లేదు. ఒడియాలో చెప్పింది వదినే. మన తెలుగులో దెబ్బలు 'పడతాయి' కదా. కంగారులో దెబ్బలన్న మాట ఒడియాలో తట్టక, "పడిలా, పడిలా" అని ఏడ్చిందట. ఒడియా వాళ్లకు అది 'కిందపడింది' అని. విన్నదే రాశారు. స్టేషన్లో మా ఫిర్యాదు తీసుకోనిది ఆ చీటీ చూసే. కొట్టినవాడు మా వీధిలోనే దర్జాగా తిరుగుతున్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మూడో రోజు ఫిట్స్ వచ్చాయి, మాట తడబడింది. "నా నోరే నీ కొంప ముంచీసినాది" అని వదిన మంచం పక్కన కూలబడింది. నిజం చెప్పాలి, నాకు ఒళ్లు మండిపోయింది. తిట్టడానికి నోరు తిరగకపోవడం ఆమె అదృష్టం.

వారానికి మాట వచ్చింది. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరుతో మళ్లీ, ఈసారి ఒడియాలో అన్నాను, "మారిలే." కొట్టారు అని.

"పాతది నేను దిద్దలేను. నా కేస్ షీట్‌లో మీ మాట రాస్తాను, పోలీసులకూ పంపిస్తాను" అన్నారు. రాసింది చదివి వినిపించారు. ఆ కాగితంతోనే కేసు కట్టారు. ఇంకా తేలలేదు.

ఇప్పుడు ఫిట్స్ మాత్ర వేసుకుంటున్నాను. అలిసిపోతే ఎడమ కాలు ఈడుస్తుంది. సారా చాటుగా అమ్ముతూనే ఉన్నారు, మేం కూర్చుంటూనే ఉన్నాం.

మీకు చెప్పేది ఒకటే. దెబ్బలతో ఆసుపత్రికి వెళ్తే, చీటీలో మొదటి లైను చదివించుకోకుండా బయటికి రాకండి. మా ఊళ్లో ఎవరిని కొట్టినా ఇప్పుడు వదినే తోడు వెళ్తుంది. ముందు "మారిలే" అంటుంది. అది రాశాకే ఏడుస్తుంది.