పిన్నీసుల కెమెరా బెల్టు

మెడలో గొలుసుతో వీధిలోకి వెళ్ళడం సాహసకృత్యాల్లో చేరిపోయిన రోజులవి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా రోడ్డు మధ్య మెట్రో స్తంభాలు లేచి నిలబడ్డాయి గానీ వాటి మీదకి రైలు ఇంకా రాలేదు. వాటి నీడన బైకుల మీద వచ్చే గొలుసు దొంగలు మాత్రం వేళ తప్పకుండా వస్తున్నారు (అని మా వనస్థలిపురం కాలనీలో గట్టి నమ్మకం). అందుకు మా వీధి ఆడవాళ్ళు ఒక విరుగుడు కనిపెట్టారు. పిన్నీసు! గొలుసుని లోపలి నుంచి జాకెట్టుకి గుచ్చి, పైన కొంగు నిండుగా కప్పుకుని, కూరగాయలకు వెళ్ళినా కోటలోంచి సైన్యం కదిలినట్టు కదిలేవారు. ఒకసారి మా పిన్ని గొలుసుని ఎవడో లాగితే సగం వాడి చేతికి పోయింది, సగం పిన్నీసుకి వేలాడుతూ మిగిలింది. మిగిలిన ఆ సగాన్ని పిన్ని ఎంత గర్వంగా చూపించేదంటే, గొలుసు మొత్తం ఉన్నప్పుడు కూడా ఆవిడ అంత మురిసిపోయిన గుర్తు నాకు లేదు. ఆ రోజు నుంచి మా అమ్మకి పిన్నీసు మీద ఉన్న నమ్మకం భక్తిగా మారింది. ఆ భక్తి నా ఉద్యోగ జీవితంలో ఎక్కడ గుచ్చుకుందో చెప్పడానికే ఇదంతా.

అప్పటికి నా డిగ్రీ అయిపోయింది. నన్ను బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేర్చాలని నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో సగం బోర్డులు చదివేశారు (మిగతా సగం హాస్టళ్ళవి). నేనేమో అదే దిల్‌సుఖ్‌నగర్‌లో, ఆ బోర్డుల మధ్యనే ఇరుక్కున్న ఒక ఫొటో స్టూడియోలో పనికి కుదిరాను. దాని యజమానిని అందరూ ‘జరనవ్వన్న’ అనేవారు. ‘జర నవ్వుండ్రి’ అనకుండా ఆయన ఫొటో తీయడు. తను మాత్రం చచ్చినా నవ్వడు. పెళ్ళిళ్ళలో నాకు అప్పగించిన రాజ్యం చిన్నది: పెళ్ళికూతురి గది, గోరింటాకు చేతులు, తాంబూలం పళ్ళేలు, వియ్యపురాలి వడ్డాణం. మండపం వైపు, అందులోనూ జీలకర్ర బెల్లం వైపు, నా కెమెరా తల తిప్పకూడదు. “ముహూర్తం నేనే కొడ్త. గా ఫొటో తప్పిందనుకో, మల్ల లగ్గం చేసుకోమంటమా ఆల్లను?” అనేవాడు. నాన్నకీ నాకూ ఒక ఒప్పందం ఉంది. ఆ పెళ్ళిళ్ళ సీజను దాటేలోపు నేను ఫొటోగ్రాఫర్‌నని ఆయనకి అనిపించాలి, లేదా నోరు మూసుకుని కోచింగ్‌లో చేరాలి. “పళ్ళేల ఫొటోలతో జీవితం గడవదమ్మాయ్” అన్నారు నాన్న. అప్పటికి నా దగ్గర ఉన్నవన్నీ పళ్ళేల ఫొటోలే.

సీజను చివర్లో ఎల్బీ నగర్‌లో ఒక పెద్ద పెళ్ళి వచ్చింది. ముహూర్తం పొద్దున్నే. అందుకని జరనవ్వన్న ముందురోజే స్టూడియో రెండో కెమెరాని నా చేతిలో పెట్టాడు, ఆడపిల్లని అత్తారింటికి పంపే తండ్రి ముఖంతో. “ఇంటికి తీస్కపో చెల్లె. రేపు చీర కట్టుకొని సీదా ఫంక్షన్ హాల్‌కు రా, పెండ్లోల్లల్ల కల్సిపోవాలె. బస్సుల జర పైలం. దీన్ని పోగొట్టినవనుకో, నువ్వు గూడ దాని ఎంటనే పో.” కెమెరాతో వచ్చిన బెల్టు పొట్టు రాలుతోంది; పైగా దాని మీద కంపెనీ పేరు పసుప్పచ్చ అక్షరాలతో మెరుస్తూ, ఇటు చూడండి దొంగగారూ, అని పిలుస్తున్నట్టుంటుంది. మంచి బెల్టు కొనుక్కుని వస్తానని ఇంటికి ఫోను చేయడమే నేను చేసిన పొరపాటు. “ఉండు, నేనూ వస్తున్నాను. నీకు ఏరుకోవడం రాదు” అని అమ్మ బస్సెక్కేసింది.

కెమెరా సామాన్లు అమ్మే దుకాణం ఒక సందులో ఉంది. దుకాణదారు మలక్‌పేట మనిషి, మంచి ఓపిక గలవాడు. ఆ ఓపిక కూడా ఆ సాయంత్రమే అయిపోయింది. మొదట రబ్బరు బెల్టు తీశాడు. మెత్తగా సాగుతుంది, మెడకి బరువు తెలియదు.

“ఇది రంగు వెలుస్తుందా?” అంది అమ్మ.

“కెమెరా బెల్టును ఎవరుతుకుతరమ్మా?”

“మెడకి తగిలేదాన్ని ఉతక్కుండా ఎలాగయ్యా, చెమట పట్టదూ?” అని దాన్ని లాగి చూసి, “సుఖంగానే ఉంది. కానీ కత్తెరతో ఓ కోత కోస్తే చాలు, పోతుంది” అని పక్కన పెట్టేసింది.

ఆయన పౌరుషంగా లోపల ఉక్కు తీగలున్న బెల్టు తెచ్చి, అమ్మ ముందే చాకుతో పరపరా గీశాడు. “సూడుండ్రి! గీత గూడ పడలే. దొంగ తాత దిగొచ్చినా తెగదు.”

“తెగదు సరే. వాడు బైకు మీంచి లాగుతాడనుకో. బెల్టు తెగదు. మరి పిల్ల మెడ?”

ఆయన చాకు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “గా గ్యారంటీ కంపెనోడు ఇయ్యలేదమ్మా.”

చివరికి వెడల్పాటి బెల్టు ఒకటి బయటపడింది. భుజం మీంచి ఏటవాలుగా వేసుకునేది. లోపల మెత్త, అంచుల్లో తీగలు, మెడ మీద భారమే పడదు. నాకు చూడగానే నచ్చింది. “అవసరమైతే ఈడ క్లిప్పు నొక్కుండ్రి, టక్కున ఊడొస్తది” అన్నాడు.

“మనం నొక్కితే ఊడేది దొంగ నొక్కితే ఊడదా?”

“లోపల దాగుంటదమ్మా, దొంగకు తెల్వది.”

“నువ్వు ఇప్పుడు అందరి ముందూ చెప్పేశావుగా!” అని అమ్మ అనుమానంగా చుట్టూ చూసింది. దుకాణంలో ఉన్న అందరూ అంటే బ్యాటరీలు కొనుక్కోవడానికి వచ్చిన ఒకాయన. ఆయన పాపం జేబుల్లోంచి చేతులు తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. దుకాణదారు బెల్టుని గబగబా పొట్లం కట్టి, “తీస్కపోండమ్మా. మీ అసుంటోల్లు ఇంకొకరొస్తే నేను దుకాణం బంద్ పెట్టుడే” అన్నాడు. అమ్మ దాన్ని మెచ్చుకోలుగా తీసుకుంది. గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్ మీదుగా బస్సు బత్తాయిల వాసనలో వెళుతున్నంతసేపూ ఆ పొట్లాన్ని ఒళ్ళోంచి కదలనివ్వలేదు.

ఇంటికి వచ్చాక అమ్మ ఆ బెల్టుని ‘బాగు’ చేసింది. దొంగ నొక్కకుండా క్లిప్పుని దబ్బనంతో, గోనెసంచులు కుట్టే దారంతో కుట్టేసింది. కెమెరా బెల్టులా కనబడకుండా పాత పోచంపల్లి చీర ముక్కతో దానికి గలేబు తొడిగింది. (నిజం చెప్పాలి. అంత హాయైన బెల్టుని నా భుజం మళ్ళీ ఎరగదు.) తెల్లారి నేను పట్టుచీర కట్టుకోగానే ఏటవాలుగా బెల్టు వేసి, భుజం దగ్గర, వీపు వెనక, నడుం దగ్గర కుచ్చిళ్ళ పక్కన పిన్నీసులు గుచ్చి, పైన కొంగు కప్పింది. “అమ్మా, కెమెరా పైకెత్తాలి కదే!” అన్నాను. “ఎత్తు, ఎవరొద్దన్నారు? మరీ నెత్తి మీదకెత్తకు” అంది. పట్టుచీర, పట్టు వదలని బెల్టు, పట్టుదల గల తల్లి. మూడింటి మధ్యా నేను పట్టుబడిపోయాను.

బస్సులో దొంగ కాదు కదా, కండక్టర్ కూడా నా జోలికి రాలేదు. పెళ్ళికూతురి గదిలోనూ ఏ ఇబ్బందీ తెలియలేదు. ఆ అమ్మాయి కూర్చుని ఉంది, నేను నిలబడి ఉన్నాను, కెమెరా నా గుండెల దాకా లేస్తే సరిపోయింది. అక్కడి నుంచి పైకి లేవదన్న సంగతి నేనూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత వధూవరుల మధ్య అడ్డుతెర పట్టారు. పురోహితులవారు వాచీ చూసుకుంటున్నారు. సన్నాయి ఆయన బుగ్గలు పూరించి సిద్ధంగా ఉన్నాడు. సరిగ్గా అప్పుడు జరనవ్వన్న కెమెరా పనిచేయడం మానేసింది. ఆపాడు, మళ్ళీ ఆన్ చేశాడు, చొక్కాకి తుడిచాడు. ఊహూఁ. వీడియో ఆయన ఉన్నాడు గానీ, ఆల్బమ్‌లో వీడియో అతికించలేం కదా. జనంలో నన్ను వెతికి పట్టుకుని చెయ్యి చాపాడు.

“చెల్లె, కెమెరా ఇయ్యి! జల్ది!”

“ఇవ్వలేను అన్నా.”

“ఏందీ? గిదేం టైము పరాచికాలకు?”

“ఊడదన్నా. అమ్మ కుట్టేసింది.”

“కెమెరను కుట్టుడేంది!” అని దాన్ని పట్టుకుని లాగాడు. కెమెరా వెళ్ళింది, దానితో నేనూ వెళ్ళాను. మళ్ళీ లాగాడు. నేను మళ్ళీ వెళ్ళాను. మలక్‌పేట ఆయన మాట అక్షరాలా నిజం, బెల్టు చెక్కుచెదరలేదు. పెళ్ళికూతురి మేనత్త ఇది చూసి ఒక్క ఉరుకున వచ్చింది. “ఓ అయ్యా! ఆడపిల్లను గట్ల గుంజుతవేంది, సిగ్గు లేదా?”

“పిల్లను గాదత్తా, కెమెరను గుంజుతున్న!”

“మరి పిల్లెందుకొస్తున్నది?”

జరనవ్వన్న కెమెరా వదిలేశాడు. పోనీ నన్ను స్టాండులా వాడుకుందామని వంగబోయాడు. కెమెరా ఎక్కడ ఉందో అప్పుడు గమనించి, కళ్ళు మూసుకుని అంతకంటే వేగంగా వెనక్కి లేచాడు. “పిన్నీసులన్న తియ్యి!” అన్నాడు. ఒకటి వీపు వెనక, ఒకటి కుచ్చిళ్ళలో. మండపం ముందు ఊరందరి మధ్యా ఎక్కడ తియ్యను? పురోహితులవారు చెయ్యెత్తారు.  “నువ్వే కొట్టు” అన్నాడు జరనవ్వన్న, పెళ్ళి చూడలేనట్టు అటు తిరిగి.

 కెమెరాని కంటిదాకా ఎత్తబోతే గుండెల దగ్గరే ఆగిపోయింది. వేదిక కింద నిలబడితే నా గుండెల ఎత్తు వాళ్ళ పీటల ఎత్తుకి వచ్చింది. కెమెరా వెనకున్న బుల్లి తెరలోకి తల వంచి చూశాను. అడ్డుతెర చాటునే ఒకరి తల మీద ఒకరు చేతులు పెట్టారు, గట్టిమేళం మోగింది, తెర దిగింది. కింది నుంచి చూస్తే, ఎత్తిన ఆ చేతుల సందులో రెండు ముఖాలూ దొరికాయి. బెల్లం పాకం పెళ్ళికొడుకు ముక్కు మీదకి జారుతోంది. పెళ్ళికూతురు నవ్వు ఆపుకోలేక కింది పెదవి కొరుక్కుంటోంది. నేను నొక్కిన క్షణానే భుజం దగ్గర పిన్నీసు నోరు తెరిచి చురుక్కున పొడిచింది. ఉలిక్కిపడ్డాను, కెమెరా పక్కకి ఒరిగింది. ఆ ఒక్క ఫొటోయే వచ్చింది.

జరనవ్వన్న దూరం నుంచే మెడ సాచి కెమెరా తెరలో చూశాడు. చాలాసేపు చూశాడు. “జర వంకరొచ్చింది” అని తన కెమెరాకి వేరే మెమరీ కార్డు వెతుక్కోవడానికి వెళ్ళిపోయాడు. నా సంగతి తేలిపోయిందనుకున్నాను. ఇంట్లో అమ్మ కత్తెరతో నన్ను విడదీస్తూ “కెమెరా భద్రమే కదా?” అని ఒక్కటే అడిగింది. ఫొటో సంగతి అడగలేదు. నాన్న కోచింగ్ దరఖాస్తు బల్ల మీద పెట్టి ఉంచారు.

పెళ్ళివారు ఆల్బమ్‌కి మొదటి పేజీలో అదే ఫొటో కావాలన్నారు. దాని పెద్ద కాపీని జరనవ్వన్న స్టూడియో అద్దంలో వేలాడదీశాడని నాకు నాన్న చెబితేనే తెలిసింది. ఆఫీసు నుంచి వస్తూ దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి చూసి వచ్చారట. “వంకరగా ఉందేమిటే?” అన్నారు కాళ్ళు కడుక్కుంటూ. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, “ఆ పిల్ల నవ్వు ఆపుకుంటోంది చూడు, భలే దొరికింది. నేనూ నిలబడి నవ్వాను. కోచింగ్ వాళ్ళకి వచ్చే బ్యాచ్‌లో చూద్దామని చెప్పేశాలే” అన్నారు. ఆ వచ్చే బ్యాచ్ ఇంకా రాలేదు. తర్వాతి పెళ్ళిలో ముహూర్తం నన్నే కొట్టమన్నాడు జరనవ్వన్న.

ఇప్పుడు నాకు సొంత స్టూడియో ఉంది, మెత్తని బెల్టులున్నాయి, వంకర ఫొటోని ఒక్క నొక్కుతో నిటారు చేసే కంప్యూటరుంది. తీరిక దొరికినప్పుడల్లా ఆ పాత ఫొటో తెరిచి సరిచేస్తుంటాను. చక్కగా నిలబడుతుంది, నిలబడగానే ఆ ఇద్దరూ ఏదో ఒక పెళ్ళిలో ఎవరో ఇద్దరైపోతారు. మళ్ళీ వెనక్కి తిప్పేస్తాను. ఎన్నో ముహూర్తాలు చూసి చెయ్యి తిరిగిన దాన్ని. అయినా అంత వంకరగా తీయడం ఇప్పుడు నా వల్ల కావడం లేదు.