దొంగని చూసి ఆడిన అబద్ధాలు

వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నేను ఉప్పు దగ్గర్నుంచి ఊపిరి దాకా అన్నీ పొదుపుగా వాడే మనిషిని. అరడజను అబద్ధాలతోనే ఒక పెళ్ళి చెడగొట్టాను. అదీ ఎవరిది? మా పక్కింటి శ్రావణిది. నాకు గ్యాసు బుక్ చేసిపెట్టే పిల్ల, నా ఫోను మూగబోతే దానికి మాటలు తెప్పించే పిల్ల. నవ్వొస్తే నవ్వండి, చెప్పేది అందుకే. మధ్యలో నేను కళ్ళజోడు తుడుచుకుంటే మాత్రం పట్టించుకోకండి.

నిరుడు నరసరావుపేటలో మా కాలనీకి దొంగల భయం పట్టుకుంది. ఒక వీధిలో తాళం వేసిన ఇల్లు పగలగొట్టారు. ఇంకో వీధిలో పాలకి వెళ్ళిన ఆవిడ మెడలో గొలుసు తెంపుకుపోయారు. వెనక వీధిలో బోరు మోటారే ఎత్తుకుపోతే, ఆ ఇంటాయన సంగతి తెలియక నీళ్ళు రావడం లేదని కరెంటువాళ్ళని తిడుతూ కూర్చున్నాడు. పోలీసులు వచ్చి మీటింగు పెట్టారు.

"దొంగ నేరుగా రాడమ్మా. ముందు ఒకడొచ్చి ఇంట్లో ఎంతమంది, మగాళ్ళు ఎప్పుడుంటారు, బంగారం ఏమాత్రం ఉంది అని మాటల్లో పెట్టి కనుక్కుంటాడు. కొత్తవాళ్ళకి ఇంటి గుట్టు చెప్పొద్దు" అన్నారు.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. విన్న పాఠాలే తక్కువ కాబట్టి విన్నవేవీ మరిచిపోను. మర్నాటి నుంచి వరండాలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని, కందిపప్పు ఏరుతూ సరిహద్దులో సిపాయిలా కాపలా మొదలుపెట్టాను.

నాకు తెలియనిదల్లా ఒక్కటే. శ్రావణి పశువుల ఆసుపత్రిలో పనిచేస్తుంది. ట్రైనింగులో కలిసిన దుర్గి ఊరి అబ్బాయీ, తనూ ఇష్టపడ్డారు. పెద్దలు కూడా దాదాపు ఒప్పుకున్నారు. మన వైపు సంబంధమంటే పెళ్ళిచూపులకి ముందే మగపెళ్ళివారి మనిషి ఒకడు, ఫలానా అని చెప్పుకోకుండా వచ్చి ఇరుగుపొరుగుని ఆరా తీస్తాడు కదా! ఖాయమయ్యేదాకా బయటపడకూడదని శ్రావణి తల్లి రమ, తండ్రి కోటేశ్వరరావు నాకు కూడా చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం, ముఖానికి తువ్వాలు చుట్టుకున్న మనిషి మా గేటు ముందు బండి ఆపాడు. పల్నాడు ఎండకి తువ్వాలు చుట్టుకోని మగాడుంటాడా? ఉండడు. కానీ ఆ రోజు నా కంటికి ఎండ కనపడలేదు, దొంగే కనపడ్డాడు.

"అమ్మా, ఆ మేడ కోటేశ్వరరావు గారిదేనా?"

"అయితే ఏంది?"

"ఏం లేదమ్మా, ఊరికే. ఇంట్లో ఎంతమందుంటారు?"

నా చేతిలో చేట ఆగింది.

"ఆయన పగలు ఇంటిపట్టునే ఉంటాడా, బయట తిరుగుతాడా?"

పప్పు ఏరడం మానేశాను.

"బంగారం అదీ చానానే ఉంటది గదా?"

పోలీసులు చెప్పిన పాఠం అక్షరం తప్పకుండా అప్పజెపుతున్నాడు! అరిస్తే పారిపోతాడు, రేపు ఇంకొకణ్ణి పంపుతాడు. ఆ ఇంటి మీద వాడికి ఆశే చచ్చిపోవాలి. కాబట్టి గొంతు తగ్గించి మొదలుపెట్టాను.

"బంగారమా! రమ మెడలో ఉంది గిల్టు నాయనా. అసలుది ఏనాడో తాకట్టుకి పోయింది."

"అయ్యో! పొలం ఉందంటగా?"

"పేకాటకి పోయింది. మేడ మీద కూడా అప్పే. ఏ పూటకాపూట అప్పులోళ్ళు వచ్చి వాకిట్లో కూర్చుంటారు."

"మరి ఆ అమ్మాయి?"

ఒంటరిగా ఆడపిల్ల ఉన్నప్పుడు వస్తాడేమోనని ఇంకో మెట్టు ఎక్కాను.

"ఆ పిల్లా? ఎద్దుని కింద పడేసి సూది పొడుస్తది. మొన్న ఎవడో ఎదురు మాట్టాడితే చెయ్యి విరగ్గొట్టింది. నువ్వయితే ఆ గేటు కూడా ముట్టుకోబాక!"

ఆయన తువ్వాలు తీసి చెమట తుడుచుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు.

"సమయానికి చెప్పి కాపాడావు తల్లీ. నీ రుణం ఉంచుకోను."

ఈ కాలంలో దొంగలకి కూడా ఎంత మర్యాద అనుకున్నాను. మజ్జిగ ఇద్దామనిపించింది గానీ, దొంగకి మంచినీళ్ళు చాలులెమ్మని అవే ఇచ్చి పంపాను.

సాయంత్రం గెలిచిన పోట్లగిత్తలా మెడ ఎత్తుకుని పక్కింటికి వెళ్ళాను.

"ఏమే రమా, ఇయ్యాళ మీ ఇంటిని నేను కాపాడా!"

చెప్పడం మొదలుపెట్టాను. పేకాట దగ్గరికి వచ్చేసరికి రమ చీపురు వదిలేసింది. చెయ్యి విరగ్గొట్టడం దగ్గరికి వచ్చేసరికి గోడకి చేరగిలబడింది.

"ఆయన ఎట్టా ఉన్నాడు అత్తా?"

"పండు మీసం. చేతికి రాగి కడియం."

శ్రావణి గదిలోంచి ఫోను పట్టుకుని వచ్చింది.

"దొంగ కాదు మామ్మా. నన్ను చేసుకోబోయే అబ్బాయి మేనమామ. ఆదివారం పెళ్ళిచూపులకి రావట్లేదంట."

అంతే. అరవలేదు, ఏడవలేదు. అరిస్తే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే దుర్గి బస్సెక్కాను. ఆ ఇంట్లో అబ్బాయి తండ్రీ, కడియం మేనమామా కుర్చీ వేశారు. మజ్జిగ కూడా ఇచ్చారు. ఆయనకి నేనిచ్చింది మంచినీళ్ళే.

"నేను చెప్పినవన్నీ అబద్ధాలు నాయనా. నిన్ను దొంగనుకొని చెప్పా."

మేనమామ బావ వంక చూసి నవ్వాడు. "నిన్ను ఎవరు పంపిచ్చారమ్మా?"

"ఎవరూ పంపలా."

"మరి ఇంత దూరం ఛార్జీలు ఎవరు పెట్టారు?"

"ఆడోళ్ళకి బస్సు ఊరికేగా!"

అబ్బాయి తండ్రి మాత్రం నవ్వలేదు. "పెద్దదానివి, తప్పు పట్టం. కానీ అడగ్గానే నోట్లోంచి వచ్చేది నిజం. బస్సెక్కి వచ్చేది నేర్పిచ్చిన మాట."

కోటప్పకొండ మీద ఒట్టేశాను. ఒట్లు కూడా నేర్పించి పంపారనుకున్నారు. గోడవార నిలబడ్డ ఆ అబ్బాయి ఒక్కడే నన్ను నమ్మినట్టు చూశాడు. కానీ ఆ ఇంట్లో వాడి మాటకి నా మాటకున్నంత విలువ కూడా లేదు.

తిరిగొచ్చి జరిగింది చెబితే కోటేశ్వరరావు అన్నాడు.

"దొంగొచ్చినా బాగుండేది పెద్దమ్మా. బీరువా ఒక్కటే పోయేది."

ఆ అబ్బాయికి ఈ మధ్యే మాచర్ల సంబంధం ఖాయమైంది. ఆ మాట నాకు శ్రావణే చెప్పింది, నా గ్యాసు బుక్ చేస్తూ, తలెత్తకుండా. ఇప్పటికీ వస్తుంది. పని చేసిపెడుతుంది. కూర్చోమంటే మాత్రం కూర్చోదు.

అందుచేత కాలనీ వాసులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మా వీధిలో ఎవరొచ్చి ఎవరింటి సంగతి అడిగినా ఉన్నది ఉన్నట్టే చెబుతాను. అడిగినవాడు నిజంగా దొంగే అయినా సరే, బీరువా ఏ గదిలో ఉందో చూపించి, మజ్జిగ ఇచ్చి మరీ పంపుతాను గానీ, పక్కింటి మీద మాత్రం అబద్ధమాడను.