సిమెంటు ముక్కల బాట

మా మావయ్యకి మట్టంటే పడదు. ఆయన కోడలినైన నేనేమో మట్టితోనే బతుకుతున్నాను. మా ఇద్దరి మధ్యా ఉన్న పేచీ అదొక్కటే. ఇంకే విషయంలోనూ ఆయన నన్ను ఒక్క మాట అన్నది లేదు.

ఆయన రైల్వే వర్క్‌షాపులో చాలా ఏళ్ళు చేసి, రిటైరయ్యాక బెంగాల్లోని ఈ రైల్వే ఊళ్ళోనే, తాల్‌బగీచాలో ఇల్లు కట్టుకున్నారు. గోడలు లేచాక చేయించిన మొదటి పని, ఇంటి చుట్టూ ఉన్న ఖాళీ జాగా అంతా సిమెంటు చేయించడం. ఎక్కడా గుప్పెడు మట్టి కనబడకూడదని మేస్త్రీ పక్కన నిలబడి మరీ చేయించారట. ఇప్పటికీ పొద్దున్నే పైపు పెట్టి పెరడంతా కడుగుతారు. నీళ్ళు చీపురుతో కాలవలోకి తోసేస్తారు. అది ఆరాక కుర్చీ వేసుకుని టీ తాగుతారు. పెళ్ళయిన కొత్తలో నేను ఒక మూల మల్లె పాదు వేసుకుంటానంటే, కుండీ తెచ్చిచ్చి ఊరుకున్నారు.

నేను పుట్టింది, పెరిగింది ఇక్కడే, రైల్వే క్వార్టర్స్‌లో. మా నాన్న డ్యూటీ దిగొస్తే చాలు, యూనిఫారం విప్పకుండానే క్వార్టరు వెనకాల ఉన్న అరటి చెట్ల దగ్గరికి వెళ్ళేవాడు. ఆ గాలి నాకూ సోకింది. పిల్లలు కాలేజీలకి వెళ్ళిపోయాక తోటపని మొదలుపెట్టాను. ముందు పక్కింటివాళ్ళ కుండీలు, తర్వాత వాళ్ళ చుట్టాల ఇల్లు, అలా మలంచా రోడ్డు పొడుగునా ఉన్న ఇళ్ళ తోటలు చాలామటుకు నా చేతికొచ్చాయి. తోడుగా ఒక బెంగాలీ దీదీ ఉంది. ఇదివరకు ఇళ్ళలో వంట చేసేది. వంటకన్నా ఇదే నయం, మొక్కలు ఉప్పెక్కువైందని వంక పెట్టవు అంటుంది.

ఏ తోటలో పనిచేసినా సాయంత్రానికి ఇంత పోగు మిగులుతుంది. కోసిన గడ్డి, రాలిన ఆకులు, కత్తిరించిన కొమ్మలు. వాటిని గోడవతలకి ఊడ్చి నిప్పు పెట్టడం ఇక్కడ అందరికీ అలవాటు. దీదీకి ఆయాసం ఉంది. ఒక చలికాలం ఆ పొగ పీల్చి ఆమె వారం పాటు మంచం మీదనుంచి లేవలేదు. చూడ్డానికి వెళ్తే, తలగడకి ఆనుకుని కూచుని, ఊపిరి అందక మాట మాటకీ ఆగుతూ, ఆ గులాబీలకి నీళ్ళు పెట్టావా అని నన్నే అడిగింది. ఆ రోజే అనుకున్నాను, ఇంక ఆకు కాల్చేది లేదని.

కాల్చకపోతే ఎక్కడో చోట పెట్టాలి కదా. నాకున్న చోటు మా మావయ్య సిమెంటు పెరడే.

మొదటిసారి టోటో అనే బ్యాటరీ బండి నిండా గోనె సంచులతో వచ్చి గేటు ముందు దిగితే, ఆయన కుర్చీలోంచి లేచి వచ్చారు.

"ఏటమ్మా ఇది? ఊరోళ్ళ సెత్తంతా మనింటికేనా?"

చెత్త కాదు మావయ్యా, నాలుగు నెలలు ఆగితే ఎరువవుతుంది అన్నాను. ఆయన సంచుల చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. తర్వాత లోపలికెళ్ళి సుద్దముక్క తెచ్చి, వెనక మూల ఒక గీత గీసి, అది నాదనీ, గీత దాటి ఒక్క ఆకు కూడా రాకూడదనీ చెప్పారు.

ఆ మూలలోనే మా వ్యాపారమంతా పెరిగింది. ఖాళీ రంగు డబ్బాలకి కన్నాలు పొడిచి ఆకులు, కూరగాయల తొక్కలు నింపేవాళ్ళం. టీ కొట్ల దగ్గర తాగి పారేసిన మట్టి కప్పులు ఏరుకొచ్చి, కడిగి, వాటిల్లో చామంతి నారు పోసేవాళ్ళం. విరిగిన కప్పులు చితక్కొట్టి కుండీల అడుగున వేసేవాళ్ళం. డాలియాలకని ఆవచెక్క, అదే ఆవనూనె తీయగా మిగిలిన పిప్పి, నానబెట్టిన రోజున మాత్రం మావయ్య కుర్చీ, టీ గ్లాసు ముందు వరండాలోకి మారిపోయేవి. ఆ కంపుకి ఆయన్ని తప్పుపట్టలేం. మా ఆయన రైల్వే డ్యూటీల మీద తిరుగుతూ ఇంటికొచ్చి, అటు తండ్రి ముఖం, ఇటు నా ముఖం చూసి, మీరూ మీరూ చూసుకోండి అని స్నానానికి వెళ్ళిపోయేవారు.

రెండేళ్ళ కిందట మలంచాలో ఒక పెద్దావిడ నన్ను పిలిపించింది, ఇక్కడి వాడుకలో పిన్నిగారన్నట్టు అందరూ మాసీమా అంటారు. స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఒక్కర్తే ఉంటుంది. వాళ్ళ ఇంటి ముందరి జాగా కూడా మొత్తం సిమెంటే. వానొస్తే నీళ్ళు ఇంకే దారి లేక ముందు గదిలోకి వచ్చేస్తున్నాయి. అదంతా తీయించేసి మట్టి తేల్చి, తోట వేయమంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఈ మాట చెప్పాను. మావయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బాగున్న సిమెంటుని ఎవరైనా పగలగొడతారా అని అడిగారు. అవునన్నాను.  పొద్దున్న నేనూ దీదీ బయల్దేరుతుంటే, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి టోటోలో మా ఎదుట కూచున్నారు. 

మాసీమా ఆయనకి వరండాలో కుర్చీ వేయించింది. పనివాళ్ళు సమ్మెటతో కొడుతుంటే, ఒక్కో దెబ్బకీ ఆయన మొహం చిట్లించుకుంటూ చూశారు. మధ్యాహ్నానికి వాకిట్లో పెచ్చులు పెచ్చులుగా లేచిన సిమెంటు గుట్ట పడింది. దాన్ని సందు చివర నీటి గుంటలో పారేస్తామన్నారు పనివాళ్ళు. గుంటలో వద్దు, వాడుకుందాం, ఆగండి అన్నాను. దాంతో ఏం చేయాలో నాకూ అప్పటికి సరిగా తెలీదు.

టీ తాగేటప్పుడు మాసీమా నవ్వుతూ, మీకు సిమెంటంటే అంత ఇష్టమేమిటని మావయ్యని అడిగింది. ఆయన బెంగాలీలో, మన శ్రీకాకుళం యాసతో జవాబు చెప్పారు. ఆయనింట్లో ఇన్నేళ్ళున్నా నేను ఎప్పుడూ వినని సంగతి. తెలుగులో అయితే ఇలా చెప్పి ఉండేవారు.

"మా ఊళ్ళో నుయ్యి పల్లంలో ఉండీది. అమ్మ రోజూ కడవతో ఆ గట్టెక్కీది. ఒక వానాకాలం బురదలో జారిపడిపోయింది. తుంటి ఇరిగింది. మరి లెగనేదు. నేను గుంటడిని, నీళ్ళు నేనే మోసీవోడిని. తరవాత మా సిన్నాన్న నన్నిక్కడికి తీసుకొచ్చినాడు. వచ్చిన్నాడు పెద్ద వాన. మా పిన్ని బకెట్టట్టుకుని క్వార్టరు వరండాలో నడిసెల్పోయింది. కాళ్ళకేసి సూసుకోకుండా. నాను అలా నిలబడి సూసినాను. అమ్మని ఈ వరండాలో నడిపించాలనుకున్నాను. నాకు క్వార్టరొచ్చీసరికి అమ్మ నేదు."

దీదీ టీ గ్లాసు కింద పెట్టేసింది.  ఆయనకి మట్టంటే అసహ్యం అనుకున్నాను ఇన్నాళ్ళూ. అది భయమని నాకు తట్టలేదు.

మాసీమా తన మోకాళ్ళు చూపించింది. తోట కావాలనుంది గానీ తడి నేల మీద పడతానేమోనని తనకీ భయంగానే ఉందంది. "నేను పడిపోకుండా నడిచే దారి ఒకటి మీరే వేసి పెట్టండి" అంది.

మావయ్య లేచి గుట్ట దగ్గరికి వెళ్ళారు. ఒక పెచ్చు తీసి బోర్లించి, చేత్తో తడిమి చూశారు. పైన నున్నగా ఉన్న వైపు వానకి నాచు పడుతుందనీ, అడుగున గరుగ్గా ఉన్న వైపు పైకి పెడితే కాలు జారదనీ చెప్పారు. సిమెంటు మీద కూడా కాలు జారుతుందని ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి.

తర్వాత నాలుగైదు రోజులు ముగ్గురం కలిసే వెళ్ళాం. దీదీ ఎర్రమట్టి పరిచి సమం చేసేది. మావయ్య చేతులకి పాత వర్క్‌షాపు గ్లౌజులు తొడుక్కుని పెచ్చులు పేర్చేవారు. మాసీమాది చిన్న అడుగు కాబట్టి ముక్కకీ ముక్కకీ మధ్య ఎడం తక్కువ పెట్టారు. ఆ సందుల్లో నేను గడ్డి నాటాను. రోజూ సాయంత్రం ఆవిణ్ణి గేటు నుంచి వరండా దాకా నడిపించి, పక్కనే నడుస్తూ ఆవిడ పాదాలే చూసేవారు. ఏ ముక్కైనా కదిలితే అప్పుడే తీసి మళ్ళీ పెట్టేవారు. ఆఖరి రోజున ఆవిడ దీదీతో ఏదో గొడవ పెట్టుకుని, మాటల్లో పడి, కింద చూసుకోకుండానే గేటు దాకా వెళ్ళిపోయింది. మావయ్య గ్లౌజులు విప్పి, మొహం కడుక్కుంటానని పంపు దగ్గరికి వెళ్ళారు. చాలాసేపు రాలేదు.

అప్పట్నుంచీ బాటలు వేసే పనంతా ఆయనదే. ఊళ్ళో ఎక్కడ పాత ఇల్లు పడగొడుతున్నా కబురు ముందు ఆయనకే అందుతుంది. టోటో వేసుకెళ్ళి, ముక్కలు చూసి, పనికొచ్చేవి వేరు చేయించి తెస్తారు. మొన్న పూరీ గేట్ దగ్గర ఒకాయన, పచ్చటి ప్లాస్టిక్ గడ్డి చాప పరిపించుకుంటే సరిపోతుంది కదా అన్నాడట. ఎండలో దాని మీద నీ మనవణ్ణి వట్టి కాళ్ళతో నిలబెట్టి చూడు అని చెప్పి వచ్చేశారు. రెండు రోజులకి ఆ ఇంటివాళ్ళే బాట వేయమని ఫోన్ చేశారు. మా పెరడు మాత్రం ఇప్పటికీ సిమెంటే. తీయించమని నేను అడగలేదు, అడగను కూడా. ఆ నేల మీద ఆయన ఎవరిని నడిపించుకుంటున్నారో నాకు తెలుసు.

పోయిన వానాకాలం మాసీమా ఫోన్ చేసింది. ముందు గది పొడిగా ఉందట. తోటలో బచ్చలి పిచ్చిగా అల్లుకుందట, వచ్చి కోసుకెళ్ళమంది. దీదీ వెళ్ళి సంచి నిండా తెచ్చి, చాన్నాళ్ళకి మా వంటింట్లో గరిట పట్టి, చిన్న రొయ్యలు వేసి బెంగాలీ పద్ధతిలో వండింది. మావయ్య రెండోసారి వేయించుకుని తిన్నారు. తిని, ఉప్పు కొంచెం ఎక్కువైందన్నారు. దీదీ నాకేసి చూసి, అందుకే కదా నేను వంట మానేసింది అంది. ఆయన నవ్వుతూనే కంచంలో ఇంకాస్త అన్నం పెట్టించుకున్నారు.