మాంగనీసు గుట్ట మీంచి పెళ్లిచూపులకి

డెబ్బైల చివర, విశాఖ పోర్టులో గుమాస్తాగా చేరిన కొత్తలో, ఓడలన్నీ నా అనుమతి కోసమే సముద్రంలో లంగరేసుకుని కాచుక్కూర్చున్నాయని నా గట్టి నమ్మకం. (ఓడల సంగతేమో గానీ, ఆఫీసులో నా నెత్తిమీది ఫ్యాను కూడా నా మాట వినేది కాదు.) అంతటి నన్ను మా అక్క మొగుడు ఓ ఆదివారం పెళ్లిచూపులకు బయల్దేరదీశాడు. "అదీ హార్బరూరే బావా, నీకు సరిగ్గా సరిపోద్ది" అన్నాడు.

తగరపువలసలో బస్సు దిగి, ఎండలో పడి నడిస్తే, సముద్రంలో కలిసే పెద్ద ఉప్పునీటి సరస్సు ఒడ్డున కునుకు తీస్తున్న ఊరొకటి వచ్చింది. ఒకప్పుడు పక్క గనుల్లో తవ్విన మాంగనీసు రాయిని ఇక్కడే పడవలకెత్తి, సముద్రంలో ఆగిన ఓడలకు పంపేవారట. గనులు మూతబడ్డాయి. మిగిలినవల్లా విరిగిన రేవు, నాలుగు చేపల పడవలు, ఒడ్డున నల్లటి రాతిపొడి గుట్ట. "ఇదా హార్బరు?" అని నవ్వి, అసలు హార్బరంటే ఎలా ఉండాలో బావకు బోధిద్దామని ఆ గుట్టెక్కాను.

"ఏటి సేత్తన్నావ్ బావా! తెల్ల సొక్కా! దిగు!" అని బావ కింద నుంచి అరుస్తూనే ఉన్నాడు. రేవు లోతు గురించి చెయ్యి చాపి ఉపన్యాసం మొదలెట్టానో లేదో, కాళ్ల కింద పొడి జారింది. నేను నేరుగా గుట్ట అవతల ఓ పెరట్లోకి దిగుమతయ్యాను. ఆ పెరడు పెళ్లికూతురు వాళ్లదే.

మొహం, చొక్కా, పళ్లు అన్నీ ఒకే రంగులో లేచి నిలబడ్డాను. పిల్ల తండ్రి తెరిచిన నోరు మూయలేదు. పిల్ల తలుపు పట్టుకుని పడీ పడీ నవ్వింది. ఇంతలో ఆమె నాయనమ్మ (వయసులో ఉన్నప్పుడు ఆ గనుల్లోనే తట్టలు మోసిందట) దగ్గరికొచ్చి, నా చెంప మీది నలుపు వేలితో తీసి చూసుకుంది.

"మీ తాత రోజూ ఇలగే వొచ్చీవోడే" అంది మనవరాలితో. "ఎన్నాళ్లయిందో, ఇలగొచ్చిన మనిసిని సూసి."

పిల్ల నవ్వు ఆగిపోయింది. ముసలమ్మ నన్ను నూతి దగ్గర కూర్చోబెట్టి, చంటిపిల్లాణ్ణి తోమినట్టు తోమింది. "కదలకు బాబూ, నాను రుద్దుతన్నాను కదా!" అని కసురుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఇక సంబంధం ఖాయమనుకున్నాను. వారం తిరగ్గానే బావ కబురు తెచ్చాడు.

"ముసలమ్మకి నువ్వు తెగ నచ్చీసావు బావా. పిల్లే..."

"ఏమందేం?"

"నల్లగున్నప్పుడు బాగున్నాడు, కడిగేసరికి మామూలోడైపోయాడందట."

ఆ మాటకు నెల్లాళ్లు కుమిలిపోయాను. ఇప్పుడు అప్పటి ఫోటో చూసుకుంటే, చెవులు కప్పేసిన ఆ జుట్టూ, భుజాల దాకా పరుచుకున్న ఆ కాలరూ, ఆ నిలబడ్డ తీరూ చూసి నవ్వొస్తుంది. ఈ కుర్రాణ్ణి ఉత్త మామూలోడని సరిపెట్టిందంటే, పాపం, ఎంత మర్యాదస్థురాలో!