సంచి మీది రెండు పంక్తులు

మా ఇంట్లో బేరమాడకుండా ఏదీ కొనేవాళ్లం కాదు. కొండగట్టులో దేవుడికి కొట్టే కొబ్బరికాయను కూడా చెవి దగ్గర ఆడించి, మొహం చిట్లించి, రెండడుగులు వెనక్కి వేసి, కొట్టువాళ్లు వెనక్కి పిలిచాక తీసుకునేవాళ్లం. కరీంనగర్‌లో బట్టల దుకాణం మాది. అలాంటి నేను ప్రేమ కవిత్వం వినడానికి వెళ్లేవాణ్ణంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

మా వెనక గల్లీలో ఒక చాచా ఉంటారు. ఆదిలాబాద్‌లో ఉర్దూ పంతులుగా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు వెదురు కలంతో పెళ్లి పత్రికలకు అందమైన అక్షరాలు రాసిస్తారు. శుక్రవారం ఆయన నమాజు చేసి వచ్చాక, దుకాణం తమ్ముడికి అప్పజెప్పి ఆయన దగ్గర కూర్చునేవాణ్ణి. పాత సూఫీల ఫారసీ పద్యాలు చదివి అర్థం తెలుగులో చెప్పేవారు. మధువు, చెలి కురులు, చెంప మీది పుట్టుమచ్చ. ఈ వయసులో ముసలాయనకు ఇదేం సోకు అని లోపల నవ్వుకునేవాణ్ణి. నా మొహం చూసి కనిపెట్టారేమో, ఒకనాడు అన్నారు: “గా చెలి ఎవలనుకుంటున్నవ్ బిడ్డా? పైవాడే.”

అంటే అవి దేవుడి మీది పద్యాలని నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు.

ఆయనకు ఒక అలవాటు ఉంది. ఉర్దూ అక్షరాలున్న కాగితం దారిలో కనిపిస్తే, చిత్తు ముక్కైనా సరే, మెల్లగా వంగి తీసి, దుమ్ము దులిపి, గోడ సందులో దోపుతారు. అందులో ఎక్కడో దేవుడి పేరు ఉండవచ్చు, కాళ్ల కింద పడకూడదని. ఆయన మోకాళ్ల నొప్పులతో వంగి లేచేదాకా నేను పక్కన నిలబడి ఫోను చూసుకునేవాణ్ణి.

పెళ్లిళ్ల సీజనుకు ముందు దుకాణం సంచులు కొత్తగా అచ్చు వేయించాలి. ఆ అక్షరాల వంపులు సంచి మీద ఉంటే గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు మోజు పడతారని నాకు తోచింది. సంచి మీదికి అని అడిగితే చాచా రాసివ్వరు. అందుకని ఒక పద్యం రాసిస్తే ఇంట్లో పటం కట్టించుకుంటానన్నాను. ఆయన మురిసిపోయి నాలుగు పంక్తులు రాస్తానంటే, పటం చిన్నదని రెండుకు దించాను. అబద్ధంలోనూ బేరమే. వారం రోజులు కూర్చుని, పాతవాళ్ల దారిలోనే సొంతంగా అల్లి రాసిచ్చారు. నీ వాకిట దుమ్మునై పడి ఉంటాను, నువ్వు తొక్కి పోతే అదే నా భాగ్యం అని దాని అర్థం.

ఆ రెండు పంక్తులు అచ్చు వేయించిన సంచులు బాగున్నాయని అందరూ అన్నారు. కొందరు చీర కొనకుండానే ఒకటి అడిగి పట్టుకుపోయారు.

రెండు నెలల తర్వాత చాచా కూతురింటికి ఆదిలాబాద్ వెళ్తుంటే బస్టాండు దాకా తోడు వెళ్లాను. వేములవాడ బస్సు దిగిన ఒక పెద్దమ్మ మా దుకాణం సంచిలోంచి చెప్పులు తీసి తొడుక్కుంది. గుడి దగ్గర పోకుండా అందులో దాచుకుందేమో. చిరిగిన సంచిని అక్కడే పడేసి వెళ్లిపోయింది. వెనక వచ్చినవాళ్లు దాన్ని తొక్కుకుంటూ నడిచారు. చాచా అలవాటుగా వంగారు. తీశారు. దులిపారు. తన చేతిరాతను తానే చదువుకున్నారు.

ఆయన ఇంకా ఏమీ అడగలేదు. నేనే నోరు జారాను. “దుమ్మునై పడి ఉంట అని మీరే గదా రాసిండ్రు, చాచా.”

ఆయన నా వైపు చూడలేదు.

“దుమ్మైతనని నేను చెప్పుకున్న, సేటు. నన్ను తొక్కిపియ్యుమని నీకు చెప్పలే.”

అంతవరకూ నన్ను బిడ్డా అనే పిలిచేవారు.

సంచిని దోపడానికి గోడ సందు కోసం వెతికారు. బస్టాండు గోడలన్నీ నున్నటి సిమెంటు. చివరికి మడిచి, షేర్వానీ లోపలి జేబులో పెట్టుకుని బస్సెక్కారు.

మిగిలిన సంచులు అటక ఎక్కించాను. కానీ జమ్మికుంట దాకా ఊరూరికీ పోయినవాటిని ఎక్కడని వెతకను? దారిలో కనిపిస్తే ఇప్పుడు నేనూ వంగి తీస్తున్నాను. మొదటిసారి తీసినప్పుడు, చాచా చూస్తున్నారేమోనని గల్లీకి రెండు వైపులా చూశాను.

శుక్రవారాలు మానలేదు. ఆయన కూడా పద్యాలు చెప్పడం మానలేదు, అర్థంలో ఏమీ తగ్గించడం లేదు. నేను గడప దాటగానే మాత్రం కలం తుడిచి పక్కన పెట్టి, సిరా బుడ్డికి మూత బిగిస్తారు.

“రా సేటు, కూసో,” అంటారు.