అవ్వ కళ్లద్దంతో చేసిన కెమెరా

మా చిన్నప్పుడు బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి నాయన తెచ్చే అట్టపెట్టెలకు ఇంట్లో కొదవ ఉండేది కాదు... ఏడో తరగతిలో, కాన్వెంటు సైన్స్ ప్రదర్శనకు అలాంటి పెట్టెతోనే కెమెరా చేశాను.

ఒక పక్క సూదిబెజ్జం. ఎదురుపక్క నూనె రాసిన తెల్లకాగితం. బొమ్మ పడింది, తలకిందులుగా... కానీ బాగా మసక. వెలుగు చాలలేదని బెజ్జాన్ని రూపాయి బిళ్లంత చేశాను. వెలుగు వచ్చింది, బొమ్మ చెదిరిపోయింది.

తరగతిలో నోరు విప్పని పిల్లను. "బొమ్మ సరిగ్గా పడితేనే ప్రదర్శనలో నీకు బల్ల" అన్నారు సిస్టర్. ఒక్కసారైనా ఆ బల్ల వెనక నిలబడాలని పంతం పట్టాను.

పుస్తకాల్లో వెతికాను. పెద్ద బెజ్జంలోంచి వచ్చి చెదిరే వెలుగును మళ్లీ ఒకచోట చేర్చడానికే లెన్స్... మధ్యలో ఉబ్బిన గాజు. మా ఇంట్లో అలాంటిది ఒక్కటే. అవ్వ బైబిలు చదివే కళ్లద్దాలు.

"యాడికే తీసకపోతావు? నేనేం పెట్టుకోని సదవల్ల?"

"ఒక్కరోజే అవ్వా."

"గీత పడిందో, సూడు నీ పని!" అంటూనే కొంగుతో తుడిచి ఇచ్చింది.

ఒక అద్దం బెజ్జం మీదకు వచ్చేలా టేపుతో బిగించాను. కాగితాన్ని లోపల ముందుకూ వెనక్కూ జరిపాను... ఒకచోట ఎదురింటి టెంకాయ చెట్టు ఆకు ఆకుగా కనిపించింది.

ప్రదర్శన రోజు నాకు బల్ల దొరికింది. పక్క బల్ల అమ్మాయి తన పెట్టె మీద విదేశీ కెమెరా కంపెనీ పేరు అందంగా రాసుకొచ్చింది.

"నీ లెన్స్ ఏ కంపెనీదే? మామిడి గుజ్జుదా?"

అందరూ నవ్వారు. స్కెచ్ పెన్ను తీసి అద్దం చుట్టూ అట్ట మీద అవ్వ పేరూ, అద్దం పవరూ రాశాను: సరోజమ్మ, ప్లస్ రెండున్నర.

అప్పుడు మాట వచ్చింది. "మా అవ్వ లెన్స్. వచ్చి చూడు."

చూసింది. బయట ఎండలో నడుస్తున్న సిస్టర్, కాగితం మీద తలకిందులుగా...

"ఇంగోసారి సూపీవే!"

ఇప్పుడు నా ఫోను లెన్స్ పక్కన ఒక పెద్ద కెమెరా కంపెనీ పేరుంది. ఆ లెన్స్‌ను వాళ్లే చేసి ఉండవచ్చు, లేదా రూపకల్పనలో సాయపడి పేరు ఇచ్చి ఉండవచ్చు. ఎవరు పూచీ పడ్డారో పేరు చెబుతుంది. బొమ్మ మాత్రం గాజే వేయాలి.

ఫోనులో కాగితం జరిపే పని లేదు, అంతా దానంతటదే కుదురుకుంటుంది... ఎవరినీ అద్దం అడగక్కర్లేదు.

మీ మొదటి కెమెరా మీద ఎవరి పేరు రాస్తారు?